ఫ్లూ జ్వరానికి చైనా కషాయం: సాక్ష్యం ఎంతవరకు?

2009లో స్వైన్ ఫ్లూ దేశాలు చుట్టబెడుతున్న రోజుల్లో, జూలై నుంచి నవంబర్ వరకు, చైనాలో నాలుగు ప్రావిన్సుల్లోని పదకొండు ఆసుపత్రుల్లో ఒక పరీక్ష జరిగింది. ఊపిరితిత్తుల వైద్య నిపుణుడు వాంగ్ చెన్ బృందం 410 మంది రోగులను తీసుకుంది. అందరూ 15 నుంచి 69 ఏళ్ల మధ్యవాళ్లు, ఇతర జబ్బులు లేనివాళ్లు. అందరికీ హెచ్1ఎన్1 ఉన్నట్టు ల్యాబ్ పరీక్షలో తేలింది. లాటరీ పద్ధతిలో వాళ్లను నాలుగు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు ఏ మందూ లేదు. రెండో గుంపుకు ఒసెల్టామివిర్, అంటే మనం టామీఫ్లూ అని పిలిచే మందు. మూడో గుంపుకు మాషింగ్ షిగాన్–యిన్‌చావో సాన్ అనే కషాయం, పూటకు 200 మిల్లీలీటర్లు, రోజుకు నాలుగుసార్లు, ఐదు రోజులు. నాలుగో గుంపుకు కషాయం, టామీఫ్లూ రెండూ.

మందు తీసుకోని వాళ్లలో సగం మందికి 26 గంటల్లో జ్వరం దిగిపోయింది. దానితో పోలిస్తే టామీఫ్లూ ఆ సమయాన్ని 34 శాతం తగ్గించింది. కషాయం 37 శాతం, రెండూ కలిపితే 47 శాతం తగ్గించాయి. 2011 ఆగస్టులో ఈ ఫలితాలు అమెరికాలోని 'అనాల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్' పత్రికలో వచ్చాయి. ప్రపంచ వైద్యులు చదివే పెద్ద పత్రికల్లో అదొకటి. టామీఫ్లూ దొరకని చోట ఈ కషాయాన్ని ప్రత్యామ్నాయంగా వాడవచ్చని పరిశోధకులు రాశారు. అప్పటినుంచి, ఫ్లూకి చైనా మూలికా వైద్యం పనిచేస్తుందని వాదించేవాళ్లు మొదట చూపించే కాగితం ఇదే. అందుకే ఈ సమీక్షను దీనితోనే మొదలుపెడుతున్నాను. ఆ కాగితం ఏం చెప్పిందో, ఏం చెప్పలేదో తేలితే మిగతా సాక్ష్యాన్ని తూచడం తేలికవుతుంది.

ముందు ఆ కషాయం సంగతి చూద్దాం. ఇది రెండు పాత యోగాల కలయిక. మొదటిది మాషింగ్ షిగాన్. సుమారు పద్దెనిమిది వందల ఏళ్ల కిందట, హాన్ వంశపాలన చివరి రోజుల్లో జాంగ్ జోంగ్‌జింగ్ రాసిన 'షాంగ్‌హాన్ లున్' సంప్రదాయం నుంచి వచ్చింది. అందులో నాలుగే వస్తువులు: ఎఫెడ్రా కాడలు, చేదు ఆప్రికాట్ గింజలు, జిప్సం రాయి, అతిమధురం. తయారీ కూడా ఆ గ్రంథంలో వివరంగా ఉంది. ముందు ఎఫెడ్రా ఒక్కటే నీళ్లలో మరిగించాలి. పైన కట్టిన నురగ తీసెయ్యాలి. ఆ తర్వాతే మిగతావి వేసి మళ్లీ కాచాలి. రెండోది యిన్‌చావో సాన్. 1798 నాటి వూ జుతాంగ్ గ్రంథంలోది. హనీసకిల్ మొగ్గలు, ఫోర్సైథియా కాయలు, పుదీనా జాతి ఆకు, బర్డాక్ గింజలు ఇందులో ముఖ్యమైనవి. 2009 పరీక్షలో ఈ రెంటినీ కలిపి, ఇంకొన్ని చేర్చి, మొత్తం పన్నెండు వస్తువులతో కషాయం కాచారు. అందులో చింగ్‌హావ్ అనే మొక్క కూడా ఉంది. వినాయక చవితి పత్రిలో మనం వాడే మాచిపత్రికి దగ్గరి జాతి అది. దాని ప్రస్తావన మళ్లీ వస్తుంది.

ఇక ఆ పరీక్ష బలాబలాలు. బలం చిన్నది కాదు. ఫ్లూ ఉందో లేదో ల్యాబ్‌లో తేల్చుకుని రోగులను చేర్చుకున్నారు. సాధారణ జలుబు, ఫ్లూ కలిసిపోయే ప్రమాదం దీంతో తప్పింది. పాత చైనా పరీక్షల్లో చాలావాటికి ఈ జాగ్రత్త లేదు. లాటరీ కేటాయింపు పద్ధతిగా జరిగింది. పోల్చడానికి మందు లేని గుంపును పెట్టారు.

లోటు మాత్రం పెద్దదే, పరిశోధకులే ఒప్పుకున్నది. ఉత్తుత్తి మందు (ప్లాసిబో) గుంపు లేదు. అంటే కషాయం తాగేవాళ్లకు తాము కషాయం తాగుతున్నామని తెలుసు, ఏమీ తాగని వాళ్లకు ఏమీ తాగడం లేదని తెలుసు. రోజుకు నాలుగుసార్లు వేడివేడిగా చేదు కషాయం చేతికి ఇచ్చి, పక్కన మనిషి నిలబడి పలకరించి వెళితే, ఆ రోగి తన ఒళ్లు ఎలా ఉందో చెప్పే తీరు మారుతుంది. జ్వరం థర్మామీటర్ చూపించేది కాబట్టి ఈ ప్రభావం దానిమీద తక్కువేనని అనవచ్చు, అది కొంతవరకు నిజం. కానీ ఏ మందూ ఇవ్వని గుంపులో ఎవరు రహస్యంగా పారాసిటమాల్ వేసుకున్నారో, ఎవరు వేసుకోలేదో తెలియదు. రోగులు వేరే మందులు వాడి చెప్పకపోయి ఉండవచ్చని పరిశోధకులే రాశారు. దగ్గు, గొంతు నొప్పి వంటి ఇతర లక్షణాల్లో, వైరస్ శరీరంలో నిలిచి ఉన్న కాలంలో గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వైరస్ మీద తేడా లేకుండా జ్వరం మాత్రం ముందే దిగితే, ఆ మందు చేసిన పని జ్వరం దించడమేనా, జబ్బును నయం చెయ్యడమా? ఎఫెడ్రా చెమట పట్టిస్తుంది. కాబట్టి మొదటి సమాధానానికే ఎక్కువ అవకాశం ఉందని నా అంచనా.

ఇంకొక లెక్క ఉంది. మందు లేకుండానే 26 గంటల్లో జ్వరం దిగే రోగులు వీళ్లు. అందులో 37 శాతం అంటే తొమ్మిది, పది గంటలు. జ్వరంతో మూలుగుతున్న మనిషికి ఆ పది గంటలు విలువైనవే. కానీ ఫ్లూ అంటే మనం భయపడేది ఆ పది గంటల గురించి కాదు. న్యుమోనియా గురించి, ఆక్సిజన్ పడిపోవడం గురించి, గర్భిణులు, ముసలివాళ్లు, షుగర్, ఉబ్బసం ఉన్నవాళ్లు చనిపోవడం గురించి. ఆ మనుషులు ఈ పరీక్షలో లేరు. వాళ్ల విషయంలో ఈ కాగితం చెప్పేదేమీ లేదు.

ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదు. మొత్తం సాక్ష్యాన్ని పోగేసి తూచే పనిని కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ చేస్తుంది. ఫ్లూకి చైనా మూలికల గురించి అది 2005లో మొదటి సమీక్ష వేసి, తర్వాత నవీకరించి, 2013లో 18 పరీక్షలతో, 2,521 మంది రోగులతో విస్తరించింది. రాసినవాళ్లు చైనా పరిశోధకులే. ఆ 18లో 17 పరీక్షల నాణ్యత పేలవమని వాళ్లే తేల్చారు. ఒక్కో పరీక్షలో ఒక్కో మూలిక, ఒక్కో పోలిక మందు. అందుకని అంకెలన్నీ కలిపి ఒక మొత్తం తీయడం కుదరలేదు. చాలా మూలికలు వైరస్ మందులకు సమానంగా కనిపించాయన్నది నిజమే. కానీ సమానం అన్న మాటకు విలువ, ఎదుట పెట్టిన మందు ఎంత గట్టిదో దాన్నిబట్టి ఉంటుంది. కొన్ని పరీక్షల్లో ఎదుట పెట్టింది రైబావిరిన్. ఫ్లూకి అది నిరూపితమైన మందు కాదు. నిరూపణ లేని మందుకు సమానమని తేలితే రోగికి ఒరిగేదేమిటి?

నాణ్యత ఎందుకు అంత పేలవంగా ఉందో కూడా చైనావాళ్లే తవ్వి తీశారు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించిన పని అదే. చెంగ్డూలోని చైనా కాక్రేన్ కేంద్రానికి చెందిన వూ తాయ్‌షియాంగ్, ఆయన సహచరులు కలిసి, లాటరీ పద్ధతిలో పరీక్ష చేశామని చైనా పత్రికల్లో రాసుకున్న పరిశోధకులకు ఫోన్లు చేశారు. మీరు రోగులను గుంపులుగా ఎలా విడదీశారో చెప్పండి అని అడిగారు. 2,235 పత్రాల రచయితలు ఫోన్‌లో దొరికారు. వాళ్ల జవాబులు విన్నాక, నిజంగా లాటరీ పద్ధతి పాటించినవని తేలినవి 207. మిగిలిన చాలామందికి ఆ పద్ధతి ఏమిటో సరిగా తెలియదు. వచ్చిన వరసలో ఒకరిని ఇటు, ఒకరిని అటు పంపినా సరిపోతుందనుకున్నారు. 2009లో ఈ ఫలితాన్ని అచ్చువేశారు. ఇందులో మూలికా వైద్యం పరీక్షలే కాదు, ఆధునిక వైద్యం పరీక్షలూ ఉన్నాయి. కాబట్టి ఇది మూలికల మీద నింద కాదు, ఆనాటి పరిశోధన శిక్షణ మీద వచ్చిన ఫిర్యాదు. సొంత ఇంటి లెక్కలు ఇలా బయటపెట్టడానికి ధైర్యం కావాలి.

అంతకు ముందే, 1998లో, బ్రిటన్‌కి చెందిన ఆండ్రూ వికర్స్ బృందం ఇంకో విషయం చూపించింది. చైనాలో జరిగిన వైద్య పరీక్షల్లో 99 శాతం మందు పనిచేసిందనే చెప్పాయి. ఇంగ్లండ్‌లో ఆ సంఖ్య 75 శాతం. విఫలమైన పరీక్షలు అచ్చుకు రావడం లేదన్నమాట. 2015 జూలైలో చైనా ఔషధ నియంత్రణ సంస్థ 1,622 కొత్త మందుల దరఖాస్తుల పరీక్షా వివరాలను కంపెనీలే మళ్లీ సరిచూసుకోవాలని, తర్వాత తనిఖీకి వస్తామని ప్రకటించింది. ఆ తర్వాత ఏడాదిలోపు ఎనభై శాతానికి పైగా దరఖాస్తులను కంపెనీలు వెనక్కి తీసుకున్నాయి. ఈ నేపథ్యం తెలియకుండా, ఫలానా మూలిక మీద వంద పరీక్షలు జరిగాయి, అన్నీ అనుకూలమే అన్న వార్త చదివితే మోసపోతాం.

జనం చేతికి అందుతున్నది మాత్రం కాచిన కషాయం కాదు, కాప్స్యూల్. హెబెయ్ ప్రావిన్సులోని షిజియాజ్వాంగ్ నగరంలో ఉన్న యీలింగ్ కంపెనీ తయారుచేసే లియన్‌హ్వా చింగ్‌వెన్ వాటిలో అగ్రగామి. 2003 సార్స్ కల్లోలంలో పుట్టి, 2004లో అనుమతి పొందింది. పైన చెప్పిన రెండు పాత యోగాలే దీనికీ మూలం. పదమూడు వస్తువుల్లో ఎఫెడ్రా, హనీసకిల్, ఫోర్సైథియాలతో పాటు రేవల్చిన్ని, అతిమధురం ఉన్నాయి. 2009 స్వైన్ ఫ్లూలో 244 మంది రోగుల మీద దీన్ని ఒసెల్టామివిర్‌తో పోల్చి చూశారు. జబ్బు ఎన్నాళ్లు ఉంది, వైరస్ ఎన్నాళ్లు ఉంది అన్న రెండు విషయాల్లోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

కోవిడ్ వచ్చాక దీని దశ తిరిగింది. 2020 మొదట్లో 284 మంది మీద జరిగిన పరీక్షలో, దీన్ని తీసుకున్నవాళ్లకు లక్షణాలు తగ్గడానికి 7 రోజులు, తీసుకోనివాళ్లకు 10 రోజులు పట్టిందని రాశారు. ఇక్కడా ఉత్తుత్తి మందు లేదు, వైరస్ మీద తేడా లేదు. 2020 ఏప్రిల్‌లో చైనా ప్రభుత్వం స్వల్ప కోవిడ్‌కి కూడా దీన్ని వాడవచ్చని అనుమతించింది. 2022 వసంతంలో షాంఘై లాక్‌డౌన్‌లో ఉన్నప్పుడు, జబ్బు రాని ఇళ్లకు కూడా పెట్టెలు పెట్టెలుగా పంచారు. కూరగాయలు అందక జనం అవస్థ పడుతున్న వేళ ఈ పంపకం ఏమిటని చైనాలోనే వైద్యులు, పౌరులు నిలదీశారు. వచ్చిన జబ్బుకు లక్షణాలు తగ్గించే మందును, జబ్బు రాకుండా ఆపే మందుగా పంచడానికి ఏ సాక్ష్యమూ లేదు. సింగపూర్ ఔషధ నియంత్రణ సంస్థ 2021 నవంబర్‌లోనే ఈ మాట స్పష్టంగా చెప్పింది: తమ దేశంలో దీనికి అనుమతి జలుబు, ఫ్లూ లక్షణాల ఉపశమనానికే తప్ప కోవిడ్ నివారణకు, చికిత్సకు కాదని.

న్యాయంగా ఇంకొకటి చెప్పాలి. 2023లో ఇదే కాప్స్యూల్ మీద ఉత్తుత్తి మందుతో పోల్చిన పరీక్ష వెలువడింది. చైనా, థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్, వియత్నాంలలో 815 మంది స్వల్ప కోవిడ్ రోగుల మీద చేశారు. లక్షణాలు తగ్గడానికి ఉత్తుత్తి మందు వాళ్లకు 6.7 రోజులు పడితే, కాప్స్యూల్ తీసుకున్నవాళ్లకు 4 రోజులు పట్టింది. ఇది కోవిడ్ ఫలితం, ఫ్లూకి దీన్ని అతికించకూడదు. కానీ మూలికలకు ఉత్తుత్తి మందుతో పరీక్ష సాధ్యం కాదన్న సాకు ఇక నిలవదని ఈ పరీక్ష నిరూపించింది. కషాయానికైతే రుచి, వాసన దాచడం కష్టం. కాప్స్యూల్‌లో నింపితే ఆ చిక్కు చాలావరకు పోతుంది.

మూలికలను ఏ కొలతతో కొలిచామో టామీఫ్లూనీ అదే కొలతతో కొలవాలి. ఇది మన హైదరాబాద్‌కి కూడా చుట్టరికమున్న కథ. టామీఫ్లూ తయారీకి మూలపదార్థం షికిమిక్ ఆమ్లం. దాన్ని చాలాకాలం చైనాలో పండే అనాసపువ్వు నుంచే తీశారు. మన బిర్యానీలో వేసే అనాసపువ్వే. (అది తింటే ఫ్లూ తగ్గదు. ఆ ఆమ్లాన్ని ఎన్నో రసాయన దశలు దాటిస్తే గానీ మందు కాదు.) 2005 చివర్లో హైదరాబాద్‌కి చెందిన హెటిరో కంపెనీ, టామీఫ్లూ తయారీదారు రోష్ నుంచి లైసెన్సు తీసుకుని ఫ్లూవిర్ పేరుతో దీన్ని తయారుచేసింది. 2009 మే నెలలో దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది కూడా హైదరాబాద్‌లోనే.

ఆ మందు పరీక్షల పూర్తి వివరాలు ఇవ్వమని కాక్రేన్ పరిశోధకులు రోష్‌ను ఏళ్ల తరబడి అడగాల్సివచ్చింది. చివరికి కాగితాలు చేతికి వచ్చి 2014లో తేల్చిందేమిటంటే, పెద్దవాళ్లలో ఒసెల్టామివిర్ లక్షణాల కాలాన్ని సుమారు 17 గంటలు తగ్గిస్తుంది. ఏడు రోజుల జబ్బు 6.3 రోజులవుతుంది. వికారం, వాంతులు పెరుగుతాయి. ఇంట్లో ఉండి మందు వేసుకునే రోగులను ఆసుపత్రి పాలు కాకుండా ఆపుతుందనడానికి రుజువు దొరకలేదని 2023లో ఇంకో సమీక్ష చెప్పింది. బ్రిటన్ ఈ మందు నిల్వల మీద 40 కోట్ల పౌండ్లకు పైగా ఖర్చుపెట్టింది. కాబట్టి కషాయం టామీఫ్లూకి సమానమని అంటే, అది పెద్ద కితాబేమీ కాదు. ఒక తేడా మాత్రం మిగులుతుంది. టామీఫ్లూ విషయంలో ఉత్తుత్తి మందుతో పోల్చిన పరీక్షలున్నాయి, వాటి లోపలి కాగితాలు కూడా బయటికి వచ్చాయి. మంచో చెడో ఎంతో మనకు తెలుసు. కషాయం విషయంలో ఆ మాట అనలేం.

ల్యాబ్ సాక్ష్యం గురించి ఎక్కువ చెప్పను. గాజు పాత్రలో వైరస్‌ని చంపే పదార్థాలు వేలల్లో ఉంటాయి, వాటిలో మందులయ్యేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. 2020 జనవరి 31 రాత్రి, షువాంగ్‌హ్వాంగ్‌లియన్ అనే హనీసకిల్ మందు కొత్త కరోనా వైరస్‌ని అణచగలదని చైనా ప్రభుత్వ వార్తా సంస్థ షిన్‌హ్వా ప్రకటించింది. కేవలం ల్యాబ్ ఫలితం అది. అంటువ్యాధి పాకుతున్న వేళ, జనం అర్ధరాత్రి మందుల షాపుల ముందు గుంపులుగా వరసలు కట్టారు. తెల్లారేసరికి సరుకు అయిపోయింది. ఎగబడి కొనవద్దని మర్నాడు పత్రికలు చెప్పాల్సివచ్చింది.

పాత గ్రంథంలో నిజమైన మందు దాగి ఉండదని నేను అనడం లేదు. చింగ్‌హావ్ గురించి పైన చెప్పాను. నాలుగో శతాబ్దపు గ హాంగ్ పుస్తకంలో మలేరియా జ్వరాలకు ఆ మొక్కను నీళ్లలో నానబెట్టి, పిండి, రసం తాగమని ఉంది. కాచమని లేదు. వేడి తగిలితే గుణం పోతుందేమోనని చైనా పరిశోధకురాలు తూ యూయూకి తట్టింది అక్కడే. తక్కువ వేడిలో మరిగే ఈథర్‌తో 1971లో ఆమె బృందం తీసిన సారం నుంచే మలేరియా మందు ఆర్టెమిసినిన్ వచ్చింది. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. దారి చూపింది గ్రంథమే అయినా, మందని తేల్చింది పరీక్షే. ఫ్లూ కషాయం ఆ రెండో మెట్టు ఇంకా ఎక్కలేదు.

చైనా వైద్యుల వైపు నుంచి ఒక గట్టి అభ్యంతరం ఉంది. తమ పద్ధతిలో జబ్బు పేరు చూసి మందివ్వరు, నాడి, నాలుక, చెమట, చలి చూసి రోగి స్థితిని బట్టి యోగం మారుస్తారు, అందరికీ ఒకే మందు ఇచ్చే పరీక్ష తమకు న్యాయం చెయ్యదు అంటారు. ఆయుర్వేదం తెలిసినవాళ్లకు ఈ వాదన కొత్త కాదు. దీనికి మార్గం ఉంది: ముందు స్థితిని నిర్ణయించి, ఆ స్థితి ఉన్నవాళ్లనే రెండు గుంపులు చెయ్యవచ్చు. మూలికా యోగాల పరీక్షలను ఎలా రాయాలో 2017లో అంతర్జాతీయ నియమావళి కూడా వచ్చింది. అసలు, అందరికీ ఒకే కాప్స్యూల్ అమ్మే కంపెనీలకు ఈ అభ్యంతరం చెప్పే హక్కు ఉండదు.

మూలికలు కాబట్టి హాని లేదన్న నమ్మకం మాత్రం ప్రమాదకరం. ఎఫెడ్రాలోని ఎఫెడ్రిన్ గుండె వేగాన్నీ, రక్తపోటునూ పెంచుతుంది. అమెరికా 2004లో ఎఫెడ్రా ఉన్న ఆహార పూరకాలను నిషేధించింది. అతిమధురం మోతాదు మించితే పొటాషియం పడిపోతుంది, రక్తపోటు పెరుగుతుంది. రేవల్చిన్నికి విరేచనాలవుతాయి. లియన్‌హ్వా చింగ్‌వెన్‌లో ఉండే యూషింగ్‌చావ్ అనే ఆకును ఇంజెక్షన్‌గా ఎక్కించినప్పుడు రోగులు తీవ్రమైన అలర్జీతో చనిపోతే, 2006లో చైనా ప్రభుత్వమే ఆ ఇంజెక్షన్లను ఆపేసింది. నోటితో తీసుకుంటే అంత ప్రమాదం లేకపోవచ్చు. కానీ బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా తీసుకోదగ్గ మందు కాదిది. విచిత్రం కాదు, విచారం: ఫ్లూతో ఎక్కువ ప్రమాదం ఉన్నది కూడా ఆ మనుషులకే.

ఇదంతా పరాయి దేశం గొడవ అనుకోవడానికి మనకు వీల్లేదు. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఒక మందు కోసం వేలమంది ఎగబడ్డారు. ప్రభుత్వం నిపుణులతో పరిశీలన చేయించింది. కోవిడ్‌ని తగ్గిస్తుందనడానికి ఆధారం లేదన్నారు, తినే మందుతో హాని కనిపించలేదన్నారు, పంచుకోవడానికి అనుమతించారు. ఆ రోజుల్లో ఉత్తుత్తి మందుతో పోల్చే పరీక్ష ఒకటి మొదలుపెట్టి ఉంటే, తెలుగువాళ్లకు ఒక గట్టి జవాబు మిగిలేది. హైదరాబాద్‌లో మందుల పరీక్షలు చేయగల సంస్థలకు, ఆయుర్వేద కళాశాలలకు కొదవ లేదు. ఇంకో ఫ్లూ అల వచ్చేలోగా, మన ఇళ్లలో వాడే కషాయాల్లో ఒకదాన్నయినా, ల్యాబ్‌లో ఫ్లూ తేలిన రోగుల మీద, ఉత్తుత్తి మందుతో పోల్చి, ఫలితం ఏదైనా అచ్చువేస్తామని ముందే ప్రకటించి పరీక్షించాలని వాళ్లను కోరుతున్నాను.

ఇప్పటికి ఉన్న సాక్ష్యాన్ని బట్టి నా తీర్పు ఇది. మాషింగ్ షిగాన్–యిన్‌చావో సాన్ కషాయం ఆరోగ్యవంతుల్లో ఫ్లూ జ్వరాన్ని కొన్ని గంటలు ముందు దించుతుండవచ్చు. ఫ్లూ రాకుండా ఆపుతుందని గానీ, న్యుమోనియాను, మరణాన్ని తప్పిస్తుందని గానీ చెప్పే రుజువు లేదు. ఇంట్లో అరవై ఐదు దాటినవాళ్లో, గర్భిణులో, షుగర్, గుండె, ఊపిరితిత్తుల జబ్బులు ఉన్నవాళ్లో ఉంటే ఏటా ఫ్లూ టీకా వేయించండి. వాళ్లకు జ్వరం, ఒళ్లునొప్పులు, దగ్గు కలిసి వస్తే 48 గంటలు దాటకముందే డాక్టర్‌కి చూపించండి. ఏ కషాయం తాగుతున్నా ఆ సంగతి డాక్టర్‌కి దాచకుండా చెప్పండి.